బిట్‌కాయిన్ రివ్యూ: నగదు అని పేరు పెట్టుకుని వచ్చింది, నగదు పని చేస్తుందా?

2008 అక్టోబర్ 31న సాతోషి నకమోటో పేరుతో, బిట్‌కాయిన్‌ను పరిచయం చేస్తూ తొమ్మిది పేజీల పత్రం ఒకటి వెలువడింది. ఆ పేరు వెనక ఉన్నది ఎవరో నేటికీ తేలలేదు. పత్రం శీర్షికలో మాత్రం దాపరికం లేదు: మనిషి నుంచి మనిషికి నేరుగా చేరే ఎలక్ట్రానిక్ నగదు వ్యవస్థ. దీన్ని పెట్టుబడిగా చూడటం తర్వాత వచ్చిన అలవాటు. అందుకే ఈ రివ్యూలో ధర ఎంత పెరిగిందన్న లెక్క చూడటం లేదు. నగదును తీసేసి దీన్నే పెట్టాలనేవారున్నారు కాబట్టి, జేబులో నోటు చేసే పనిని ఇది చేస్తుందా లేదా అన్నదే చూస్తున్నాం.

ముందు ఇది ఎక్కడినుంచి ఊడిపడిందో చూడాలి. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. డిజిటల్ నగదుకు మొదటినుంచీ ఉన్న చిక్కు ఒక్కటే. ఫైలును ఎన్నిసార్లయినా కాపీ చేయొచ్చు కాబట్టి ఒకే నాణేన్ని ఇద్దరికి ఇవ్వకుండా ఎవరు ఆపాలి? 1982లో గూఢలిపి శాస్త్రవేత్త డేవిడ్ చౌమ్ దీనికి ఒక దారి చూపించాడు. బ్యాంకు నాణేనికి సంతకం పెడుతుంది, కానీ ఆ సంతకం చేసేటప్పుడు దాని సంఖ్య బ్యాంకుకు కనబడదు. కాబట్టి ఖర్చు చేసినవారెవరో బ్యాంకుకు తెలియదు, దొంగ నాణెం మాత్రం పట్టుబడుతుంది. గోప్యత విషయంలో ఇది ఇప్పటి బిట్‌కాయిన్ కన్నా మెరుగు. కానీ నడిపే కంపెనీ డిజిక్యాష్ 1998లో దివాలా తీసింది. కంపెనీతోపాటే ఆ డబ్బూ పోయింది.

1997లో ఆడమ్ బ్యాక్ తెచ్చిన హ్యాష్‌క్యాష్‌కు డబ్బుతో సంబంధమే లేదు. చెత్త ఈమెయిళ్లను ఆపడానికి, పంపేవాడి కంప్యూటర్‌తో కొంత లెక్క చేయించడం దాని ఉద్దేశం. 1998లో వీ దాయ్ బీ-మనీ, నిక్ సాబో బిట్ గోల్డ్ ఆలోచనలు చేశారు, రెండూ కాగితం దాటలేదు. 2004లో హాల్ ఫిన్నీ నిజంగా నడిచే వ్యవస్థ కట్టాడు గానీ దానికి ఒక సర్వర్ కావాల్సి వచ్చింది. నకమోటో కొత్తగా కనిపెట్టిన ముక్కలు తక్కువే. చేసిందల్లా వీటిని ఒకదానికొకటి తగిలించడం. లావాదేవీలను బ్లాకులుగా కట్టి, ప్రతి బ్లాకుకూ లెక్క చేసిన రుజువు తగిలించి, ఎక్కువ పని పోగైన గొలుసునే అందరూ నిజమని ఒప్పుకోవాలన్న నియమం పెట్టాడు. ఆ పని చేసినవారికి కొత్త నాణేలు కూలి. ఎవరినీ నమ్మకుండా ఏది ముందు, ఏది వెనక అని తేల్చడం అంతవరకూ ఎవరికీ కుదరలేదు. ఈ ఒక్క విషయంలో దీనికి నూటికి నూరు మార్కులు వేయాల్సిందే.

2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకులో ఆ రోజు లండన్ టైమ్స్ పత్రిక శీర్షికను పొదిగారు. బ్యాంకులకు రెండోసారి ప్రభుత్వ సాయం అందబోతోందన్న వార్త అది. జనవరి 12న హాల్ ఫిన్నీకి 10 నాణేలు వెళ్లాయి, మొదటి చెల్లింపు అదే. 2010 ఆగస్టు 15న ప్రోగ్రాంలోని లోపం వల్ల ఒకే లావాదేవీలో 18,400 కోట్ల నాణేలు పుట్టుకొచ్చాయి. మొత్తం ఉండాల్సినవే 2 కోట్ల 10 లక్షలు! గంటల్లోనే సరిచేసి ఆ గొలుసును పక్కన పెట్టేశారు. 'ఎవరూ మార్చలేరు' అన్న మాట వినిపించినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇక వాడకానికి వద్దాం. వాలెట్, అంటే నాణేలు పంపడానికీ అందుకోవడానికీ వాడే యాప్, పెట్టుకోవడం పది నిమిషాల పని. సోర్స్ కోడ్ బయటికి ఇచ్చిన వాలెట్‌నే ఎంచుకోండి. తెరవగానే 12 లేదా 24 పదాలు చూపిస్తుంది, మీ డబ్బుకు తాళంచెవి అవే. 2,048 పదాల జాబితాలోంచి యాదృచ్ఛికంగా ఏరినవి అవి. మొదటి నాలుగు అక్షరాలతోనే పదం ఏదో తేలిపోయేలా జాబితా కూర్చారు, కాబట్టి చేతిరాత బాగాలేకపోయినా పరవాలేదు. చివరి పదంలో తనిఖీ అంకె ఒకటి ఇమిడి ఉంటుంది, అందుకే సొంతంగా పదాలు అల్లితే చాలాసార్లు వాలెట్ ఒప్పుకోదు. ఒప్పుకున్నా అల్లవద్దు. మనిషికి యాదృచ్ఛికమని తోచేది దొంగ ప్రోగ్రాంకు సులువుగా దొరికిపోతుంది. పదాలను కాగితం మీద రెండు చోట్ల రాసి వేరువేరుగా దాచాలి. ఫోటో తీయడం, ఈమెయిల్‌లో పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

అందరూ దాటేసే మెట్టు ఒకటుంది. డబ్బు వేయకముందే వాలెట్‌ను పూర్తిగా తీసేసి, రాసుకున్న పదాలతో మళ్లీ తెరవండి. మొదటి అడ్రస్ (డబ్బు అందుకునే ఖాతా సంఖ్య లాంటిది) అంతకుముందు చూపిందే వచ్చిందా అని పోల్చండి. వస్తే రాసింది సరిగా ఉన్నట్టే. ఈ పదాలకు తోడు అదనపు పాస్‌ఫ్రేజ్ పెట్టుకునేవారికి ఒక హెచ్చరిక: తప్పు పాస్‌ఫ్రేజ్ కొడితే 'తప్పు' అని ఎవరూ చెప్పరు. దానికి సరిపడే వేరే ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. ఒక్క అక్షరం తేడాకు డబ్బంతా మాయమైనట్టు కనిపిస్తుంది. వేరే కంపెనీ వాలెట్‌లో పదాలు సరిగ్గానే వేసినా సున్నా చూపిస్తే కంగారుపడకండి. అడ్రసుల్లో 1తో, 3తో, బీసీ1తో మొదలయ్యే రకాలున్నాయి. కొత్త వాలెట్ వేరే రకంలో వెతుకుతుండొచ్చు. సెట్టింగులలో రకం మారిస్తే చాలావరకు తేలిపోతుంది.

చెల్లింపు దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. ఫీజు మీరు పంపే మొత్తాన్ని బట్టి పడదు. పార్శిల్‌కు బరువును బట్టి చార్జీ వేసినట్టు, లావాదేవీ పరిమాణాన్ని బట్టి పడుతుంది. బీసీ1 రకం అడ్రసులో ఒక రాబడిని (మీకు ఒకసారి వచ్చిన మొత్తాన్ని) ఖర్చుపెట్టి, ఒకరికి ఇచ్చి, చిల్లర తిరిగి తీసుకుంటే ఆ పరిమాణం సుమారు 141 వర్చువల్ బైట్లు. ఒక్కో వర్చువల్ బైటుకు 10 సాతోషీల రేటున్న రోజు 1,410 సాతోషీలు, 100 ఉన్న రోజు 14,100. ఒక నాణెంలో 10 కోట్ల సాతోషీలు ఉంటాయి. మీరు పంపేది నాణెమైనా, అందులో వెయ్యోవంతైనా ఫీజు ఇదే. అంటే చిన్న కొనుగోలుదారు మీదే భారం ఎక్కువ. చిన్నచిన్న రాబడులు పోగేసుకున్నవారికి ఇంకా నొప్పి: ఒక్కో రాబడికి 68 బైట్లు కలుస్తాయి, 20 రాబడులు కలిపి ఖర్చుపెడితే 1,430 దాటుతుంది. రద్దీ లేని రోజు చూసి వాటిని ఒకటిగా కలిపేసుకోవాలి. అలా కలిపితే అవన్నీ ఒకరివేనని లోకానికి చెప్పినట్టూ అవుతుంది, అది వేరే ఖర్చు.

తక్కువ ఫీజు పెట్టి ఇరుక్కుంటే, రీప్లేస్-బై-ఫీ అవకాశం ఉన్న వాలెట్‌లో అదే లావాదేవీని ఎక్కువ ఫీజుతో మళ్లీ పంపొచ్చు. అందుకోవాల్సినవారైతే, ఇంకా ఖరారు కాని ఆ సొమ్మునే పెద్ద ఫీజుతో తమకు తాము పంపుకుని రెండింటినీ కలిపి లాగొచ్చు. ఏమీ చేయకపోతే సాధారణ సెట్టింగులున్న నోడ్లు (వ్యవస్థను నడిపే కంప్యూటర్లు) 14 రోజులకు దాన్ని మరచిపోతాయి, డబ్బు పంపినవారి దగ్గరే ఉండిపోతుంది.

సగటున పది నిమిషాలకో బ్లాకు అంటారు. సగటు అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. బ్లాకు దొరకడం అదృష్టం మీద నడిచే పని కాబట్టి, నూటికి అయిదుసార్లు అరగంట దాటుతుంది. పెద్ద మొత్తాలకు ఆరు కన్ఫర్మేషన్లు, అంటే లావాదేవీ చేరిన బ్లాకుతో కలిపి ఆరు బ్లాకులు పడేదాకా, సుమారు గంట ఆగడం ఆనవాయితీ. కౌంటర్ దగ్గర వరుసలో నిలబడినవారికి ఇది కుదిరే పనేనా?

సామర్థ్యం లెక్క ఇంకా కఠినం. వ్యవస్థ మొత్తం సెకనుకు సుమారు 7 లావాదేవీలు, రోజుకు 6 లక్షలు. ప్రపంచంలోని 800 కోట్ల మంది తలా ఒక్క చెల్లింపు చేయాలంటే 36 ఏళ్లకు పైగా పడుతుంది. ఒక్కొక్కరికి ఒక్కటి! నగదుకు బదులుగా ఇదే ఉండాలనేవారు ఈ భాగహారం ఒకసారి స్వయంగా చేసి చూడాలి. ఈ ఇరుకు వల్లే రద్దీ వచ్చినప్పుడల్లా ఫీజులు ఎగబాకుతాయి. 2017 డిసెంబర్‌లో సగటు ఫీజు 50 డాలర్లు దాటింది. ఆ నెలలోనే ఆటలు అమ్మే స్టీమ్, ఫీజులనూ ధరల ఊగిసలాటనూ కారణాలుగా చూపి బిట్‌కాయిన్ తీసుకోవడం మానేసింది.

దీనికి మందుగా లైట్నింగ్ నెట్‌వర్క్ వచ్చింది. ఇద్దరి మధ్య చానల్ (కొంత డబ్బు కట్టిపెట్టిన ఉమ్మడి ఖాతా లాంటిది) తెరిచి, లోపల ఎన్ని చెల్లింపులైనా చేసుకుని, చివరి లెక్క మాత్రం గొలుసులో రాస్తారు. పనిచేసినప్పుడు బ్రహ్మాండం: క్యూఆర్ కోడ్ చూపిస్తే రెండు సెకన్లలో డబ్బు చేరుతుంది, ఫీజు నామమాత్రం. చిక్కులు వేరేచోట ఉన్నాయి. కొత్తగా చానల్ తెరిచిన దుకాణానికి డబ్బు అందదు. అవతలి వైపు నిల్వ ఉంటేనే ఇటువైపు రాగలదు. అందుకునే యంత్రం ఆన్‌లైన్లో ఉండాలి. బిల్లుకు గడువు పెట్టకపోతే గంటలో దానంతటదే చెల్లకుండా పోతుంది. అన్నిటికన్నా ప్రమాదం పాత బ్యాకప్. చానల్ పాత స్థితిని తెచ్చి గొలుసుకెక్కిస్తే వ్యవస్థ దాన్ని మోసంగా లెక్కగట్టి, ఆ చానల్లోని మీ సొమ్మంతా అవతలివారికి ఇచ్చేస్తుంది. ఈ తలనొప్పులు భరించలేక చాలామంది కంపెనీ చేతికే వాలెట్ అప్పగిస్తారు. అప్పుడు మధ్యవర్తి మళ్లీ వచ్చి కూర్చున్నట్టే.

ధర విషయం. 2021 నవంబర్‌లో నాణెం 69,000 డాలర్ల దరిదాపులకు వెళ్లింది, ఏడాది తిరిగేసరికి 16,000 కిందికి వచ్చింది. దీనికి స్పెక్యులేటర్లను తిట్టి లాభం లేదు, కారణం నిర్మాణంలోనే ఉంది. బ్లాకు కూలిని సగానికి తగ్గించిన 2024 ఏప్రిల్ కోత తర్వాత బ్లాకుకు 3.125, రోజుకు దాదాపు 450 కొత్త నాణేలు వస్తున్నాయి. గిరాకీ పదింతలైనా అంతే, పడిపోయినా అంతే. సరఫరా కదలనప్పుడు ఒత్తిడంతా ధరే మోయాలి. జీతం, అద్దె, అప్పు ఇలాంటి కొలమానంలో రాసుకోలేం.

దేశాలు ప్రయత్నించకపోలేదు. ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబర్ 7 నుంచి దీన్ని చట్టబద్ధ ద్రవ్యం చేసింది. ప్రభుత్వ యాప్‌లో చేరినవారికి 30 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఇచ్చింది. చాలామంది ఆ 30 వాడుకుని యాప్ పక్కన పడేశారు. అంతర్జాతీయ ద్రవ్యనిధితో రుణ ఒప్పందం కుదిరాక 2025 జనవరిలో చట్టం సవరించి, తీసుకోవడం దుకాణదారుల ఇష్టమని తేల్చింది.

డాలర్‌కు ముడిపెట్టిన స్థిర నాణేలు ఊగిసలాటకు విరుగుడు. కానీ అవి జారీచేసే కంపెనీ మాట మీద నిలబడతాయి. 2022 మేలో అల్గారిథం నమ్ముకున్న టెర్రా నాణెం కుప్పకూలింది. 2023 మార్చిలో నిల్వలో కొంత సిలికాన్ వ్యాలీ బ్యాంకులో చిక్కుకోవడంతో యూఎస్‌డీసీ అనే డాలర్ నాణెం సైతం 88 సెంట్ల దాకా జారి, తర్వాత కోలుకుంది. పైగా ఇటువంటి నాణేలను జారీదారు స్తంభింపజేయగలడు. నోటును ఎవరూ దూరం నుంచి స్తంభింపజేయలేరు.

గోప్యత గురించి జనంలో ఉన్నంత అపోహ మరి దేనిమీదా లేదు. నోటు చేతులు మారితే జాడ ఉండదు. ఇక్కడ ప్రతి కదలికా శాశ్వతంగా, ఎవరైనా చదివేలా ఉంటుంది. 2016లో బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్ఛేంజ్ (నాణేలు కొని అమ్మే వేదిక) నుంచి దాదాపు 1,20,000 నాణేలు దొంగిలించారు. అమెరికా న్యాయశాఖ సుమారు అయిదున్నరేళ్ల తర్వాత, 2022 ఫిబ్రవరిలో, జాడ తీసి 94,000కు పైగా స్వాధీనం చేసుకుంది. మీ అడ్రస్ మీదేనని ఒక్క దుకాణానికి తెలిసినా, ఆ అడ్రసులో మీరు చేసిన మిగతా చెల్లింపులు కూడా వారు తీరిగ్గా చూసుకోవచ్చు.

పోగొట్టుకుంటే ఫిర్యాదు చేసే కిటికీ లేదు. ఎక్స్ఛేంజ్‌లో ఉంచితే మౌంట్ గాక్స్ (2014), ఎఫ్‌టీఎక్స్ (2022) లాంటి పతనాల్లో వరుసలో నిలబడాలి. సొంతంగా ఉంచుకుంటే, కాపీ చేసిన అడ్రసును పేస్ట్ చేసేలోపు మార్చేసే వైరస్‌లున్నాయి. మీ పాత అడ్రసులా మొదలూ చివరా పోలిన అడ్రసు నుంచి చిల్లర పంపి, మీరు పొరపాటున దానికే తిరిగి పంపేలా వల వేసేవారూ ఉన్నారు. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే సరిపోదు, మధ్యలో కూడా చదవండి. కొత్తవారికి ముందు చిన్న మొత్తం పంపి, అందాక మిగతాది పంపండి.

మెచ్చుకోవాల్సినచోట మెచ్చుకోవాలి. సెలవురోజు అర్ధరాత్రి, ఎవరి అనుమతీ అడగకుండా, సముద్రాల అవతలికి పెద్ద మొత్తం గంటలో చేర్చడం ఏ నోటుకూ సాధ్యం కాదు. ఖాతాలు మూసేసే ప్రభుత్వాల కింద బతికేవారికి దీని విలువ వేరు. ఆ పనికి 5కి 4 ఇస్తాం. నగదుగా 5కి 1.5. నగదుకూ దోషాలున్నాయి: దొంగలు పడతారు, నకిలీ వస్తుంది, ముద్రించేవాడి చేతివాటానికి విలువ కరుగుతుంది. అయినా దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. చేతిలో పెట్టగానే లెక్క ముగుస్తుంది. కరెంటు పోయిన రోజు పనిచేసేది అదే. దాన్ని తీసేసి ఇది పెట్టాలన్న వాదన మాకు నిలబడేదిగా కనిపించలేదు. పక్కన ఉండనిస్తే అభ్యంతరం లేదు.

అమ్మకాల్లో దీన్ని తీసుకోవాలనుకునే దుకాణదారులు ధరను స్థానిక ద్రవ్యంలోనే రాయాలి, బిల్లు వేసే క్షణానికి మారకం రేటు లెక్కించాలి. చిన్న మొత్తాలకు లైట్నింగ్, మధ్యరకానికి ఒక కన్ఫర్మేషన్, సరుకు తిరిగి రాబట్టుకోలేని పెద్ద అమ్మకాలకు ఆరు. ఖరారు కాని లావాదేవీని చూసి సరుకు చేతికివ్వొద్దు, పంపినవాడు ఎక్కువ ఫీజుతో దాన్ని తనకే మళ్లించుకోగలడు. వచ్చినదాన్ని ఆ రోజే మార్చేసుకోండి. వాపసు ఇవ్వాల్సి వస్తే నాణేల లెక్కన ఇస్తారా, బిల్లు మొత్తం లెక్కన ఇస్తారా అన్నది ముందే బోర్డు మీద రాసిపెట్టండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.