ఫ్రిల్స్ గౌనా, నల్ల కోటా: ఆడవాళ్ల బలానికి ఏది మేలు?

ఆడపిల్లని 'మగరాయుడు' అంటే అందులో సగం మందలింపు, సగం మెచ్చుకోలు. మగపిల్లవాణ్ణి 'ఆడంగి' అంటే మాత్రం అచ్చమైన తిట్టు. బాగా ముస్తాబయ్యే మగవాడు సోగ్గాడు, అదే పని చేసే ఆడమనిషి సోకులాడి. పిరికివాణ్ణి వెక్కిరించాలంటే గాజులు తొడుక్కోమంటాం. మనం రోజూ వాడే ఈ మాటల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మగవాళ్ల పద్ధతి పట్టుకుంటే ఒక మెట్టు ఎక్కినట్టు, ఆడవాళ్ల పద్ధతి పట్టుకుంటే ఒక మెట్టు దిగినట్టు. బట్టలకూ ఇదే లెక్క నడుస్తోంది.

అందుకే పింక్ గౌను, లేసు, ఫ్రిల్స్, రిబ్బన్ బో, ఎర్ర లిప్‌స్టిక్, దేన్నీ తగ్గించుకోకుండా వేసుకుని "నా బలం ఇందులోనే ఉంది" అనే అమ్మాయిల్ని నేను తేలిగ్గా తీసుకోను. వాళ్లు పై మెట్టు ఎక్కడానికి పోటీ పడటం లేదు. అసలు ఆ మెట్లు ఎవరు కట్టారని అడుగుతున్నారు. రెండోవైపు కోటూ ప్యాంటూ ఉన్నాయి, పని చేసే ఆడవాళ్లకు చాలాకాలంగా అందరూ ఇచ్చే సలహా అదే. ఈ రెండూ కాక ఎవరి చూపూ పడని సాదా బట్టలు మూడో దారి. మూడూ వేసుకుని పని చేశాను కాబట్టి, నాకు తెలిసింది చెప్తాను.

మొదటి ఉద్యోగంలో చేరిన మూడో వారం. లేత గులాబీ రంగు గౌను వేసుకుని వెళ్లాను, చేతులకు మోచేయి దగ్గర రెండు వరసల ఫ్రిల్స్. ఆ రోజు నా మొదటి ప్రెజెంటేషన్. లెక్కలన్నీ నేనే చేశాను, రెండుసార్లు సరిచూసుకున్నాను. అయిపోయాక ఒక పెద్దాయన "ఏమ్మా, ఇవాళ పుట్టినరోజా?" అన్నారు. అందరూ నవ్వారు. లెక్కల మీద ఒక్కరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ రాత్రి చిన్న కత్తెర పట్టుకుని ఫ్రిల్స్ ఊడదీశాను. కుట్లు పోయిన చోట సూది రంధ్రాలు వరసగా మిగిలాయి. ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా అవి పోలేదు. మర్నాడు వెళ్లి నల్ల కోటు కొనుక్కున్నాను, తర్వాత రెండేళ్లు అదే.

ఆ కోటు నిజంగా పనిచేసింది, ఆ మాట దాచను. మాట్లాడటం మొదలుపెట్టిన నిమిషం నుంచే జనం వినేవారు. అప్పటిదాకా నాకు తెలియనిది ఇంకొకటి, లోపలి జేబు. ఫోను, పెన్ను, కార్డు అన్నీ ఒంటి మీదే ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి. చేతులు ఖాళీగా ఉన్న మనిషి నిలబడే తీరే వేరు.

పైగా ఈ కోటూ ప్యాంటూ ఆడవాళ్లకు ఊరికే రాలేదు. పారిస్‌లో ఆడవాళ్లు మగ దుస్తులు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాలని 1800లో ఒక ఉత్తర్వు వచ్చింది. అది చెల్లదని ప్రభుత్వం బాహాటంగా ప్రకటించింది 2013లో. అమెరికా సెనేట్ సభలో ఆడ సభ్యులు ప్యాంటుతో నిలబడటానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. ఫ్రెంచ్ డిజైనర్ ఇవ్ సెయింట్ లారెంట్ 1966లో ఆడవాళ్ల కోసం మగవాళ్ల విందు సూటు కుట్టినప్పుడు అదొక తెగింపు. 1980ల్లో భుజాలకు దట్టంగా ప్యాడ్లు పెట్టిన కోట్లతో ఆఫీసులకు వెళ్లిన ఆడవాళ్లు ఆ భుజాలతోనే తలుపులు తోసుకుని లోపలికి వెళ్లారు. వాళ్లను "మగవాళ్లను కాపీ కొట్టారు" అని తీసిపారేసేవాళ్ల మాట నాకు నచ్చదు.

కానీ కోటు ఒక పని చేయలేదు. నా మాట విన్నవాళ్లు కోటును చూసి విన్నారు. పక్క టీమ్‌లో బో పెట్టుకుని వచ్చే అమ్మాయిని అదే మనుషులు అప్పటికీ చిన్నపిల్లలాగే చూశారు. నేను ఒక మెట్టు ఎక్కాను, మెట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఫ్రిల్స్ సంగతి చూద్దాం. ఇవి పుట్టుకతోనే ఆడవాళ్లవి అనుకునేవాళ్లు చరిత్ర చూస్తే ఆశ్చర్యపోతారు. హీల్స్ మొదట పర్షియా గుర్రపు రౌతులవి, రికాబులో పాదం జారకుండా ఉండటానికి. అక్కడి నుంచి యూరప్ మగ దొరల కాళ్లకు ఎక్కాయి. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఎర్ర హీల్స్ వేసేవాడు, అతని ఆస్థానంలో అది పెద్ద హోదా. లేసు కాలర్లు 17వ శతాబ్దపు మగవాళ్ల బొమ్మల్లో కొల్లలు. పింక్ సంగతి ఇంకా విచిత్రం. అది గట్టి రంగు కాబట్టి మగపిల్లలకు, నీలం సున్నితం కాబట్టి ఆడపిల్లలకు అని 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపార పత్రిక ఒకటి రాసింది. తర్వాత కొన్ని దశాబ్దాల్లో అది తలకిందులైంది. లేసు మగవాళ్ల మెడ మీద ఉన్నన్నాళ్లూ హోదా అయింది, ఆడవాళ్లకే మిగిలాక సోకు అయింది. బట్ట మారలేదు, కట్టుకున్న మనిషి మారింది, విలువ పడిపోయింది. దాన్ని తిరిగి పైకి ఎత్తుకునే హక్కు ఆడవాళ్లకు లేదా?

ఎత్తుకున్నవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో ఓటుహక్కు కోసం పోరాడిన ఆడవాళ్లను పత్రికల కార్టూన్లలో మగరాయుళ్లలా వికారంగా గీసేవారు. వాళ్లు 1908లో ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగుల్ని తమవిగా చేసుకున్నారు, చక్కగా ముస్తాబై పెద్ద టోపీలతో ఊరేగింపులకు వచ్చారు. 1990ల మొదట్లో అమెరికాలో కొందరు రాక్ గాయనులు చిన్నపిల్లల గౌన్లు వేసుకుని, లిప్‌స్టిక్ పెదాలు దాటి చెదిరేలా పూసుకుని, గొంతు చించుకుని కోపాన్ని పాడారు. జపాన్‌లోని హరాజుకులో లోలిటా ఫ్యాషన్ అని ఒకటుంది, లేసు మీద లేసు, మోకాలి దాకా గుండ్రంగా విచ్చుకునే గౌను. మగవాళ్ల మెప్పు కోసం కాదు, తమకోసం, స్నేహితురాళ్ల కోసం వేసుకుంటున్నామని చెప్పే అమ్మాయిలు వాళ్లలో చాలామంది. ఉత్తరప్రదేశ్‌లో సంపత్ పాల్ నడిపిన గులాబీ గ్యాంగ్ ఆడవాళ్లు గులాబీ చీరలు కట్టి, చేతిలో లాఠీలు పట్టుకున్నారు. ఆ రంగు కనిపిస్తే భార్యను కొట్టే మొగుళ్లు భయపడ్డారు.

వీటన్నిటిలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే. వాళ్లెవరూ ఒంటరిగా వేసుకోలేదు. వెనక గుంపు ఉంది, ముందు ఒక గొంతు ఉంది. ఆ మూడో వారంలో నేను ఒంటరిగా వేసుకున్నాను.

ఇక దుకాణాల సంగతి. న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ 2015లో దాదాపు 800 వస్తువుల్ని పోల్చి చూస్తే, ఆడవాళ్ల పేరుతో అమ్మేవి సగటున 7 శాతం ఎక్కువ ధర ఉన్నాయి. 2018లో 80 జీన్స్ కొలిచిన ఒక పరిశీలనలో ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్లవాటికంటే సగటున 48 శాతం పొట్టి. 'సాధికారత' అని ముద్ర వేసి అమ్మే పింక్ చొక్కా కొంటే ఇవి రెండూ మారవు. బలం కొనుక్కుంటే వచ్చేది కాదని నా నమ్మకం. ఈ విషయంలో ఫ్రిల్స్‌ను ఎగతాళి చేసేవాళ్ల వాదనలో కొంత నిజం ఉంది.

బలవంతం ఇంకో పెద్ద చిక్కు. లండన్‌లో ఒక రిసెప్షనిస్టు 2 నుంచి 4 అంగుళాల హీల్స్ వేసుకోనన్నందుకు మొదటిరోజే ఆమెను ఇంటికి పంపేశారు. ఆ సంగతి 2016లో బయటికి వచ్చాక ఆమె పెట్టిన పిటిషన్ మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు. అవే హీల్స్, ఇష్టపడి వేసుకుంటే పండగ, తొమ్మిది గంటల డ్యూటీలో వేసుకోమంటే శిక్ష. అందుకే ఏ ముస్తాబునైనా నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: రేపు ఇది లేకుండా వస్తే ఆమెకు ఏమైనా నష్టమా? నష్టమైతే దానికి సాధికారత అని పేరు పెట్టకండి. కోటుకూ ఇదే ప్రశ్న.

సాదా బట్టల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. హాయిగా ఉంటాయి, పొద్దున టైమ్ మిగులుతుంది. అలసిపోయిన రోజుకు అంతకంటే మంచిది లేదు. కానీ వాటితో నేను నన్ను దాచుకున్నాను, ఎవరి మనసూ మార్చలేదు.

మరి ఏది మేలు? ఎవరికి, ఎప్పుడు అన్నదాన్ని బట్టే చెప్పగలను. కొత్తగా చేరి, ఎవరి అండా లేని అమ్మాయి అయితే కోటు వేసుకోవడం మేలు. అందులో ఓటమి ఏమీ లేదు. వ్యవస్థను మార్చే బరువు అందరికంటే చిన్న జీతం వచ్చే అమ్మాయి మోయాలనడం అన్యాయం. కుర్చీ సంపాదించుకున్న ఆడవాళ్లకైతే ఫ్రిల్సే మేలు. వాళ్లను ఎవరూ పుట్టినరోజా అని అడగలేరు. వాళ్లు పింక్ వేసుకుని జీతాలు నిర్ణయిస్తే, ఆ రంగు కూడా అధికారం రంగే అవుతుంది. ముస్తాబు ఇష్టపడే మగపిల్లలకు, ట్రాన్స్ అమ్మాయిలకు ఈ బట్టల వల్ల తగిలే దెబ్బలు మనందరికంటే ఎక్కువ. వాళ్ల కోసమైనా ముందు మనం వేసుకోవాలి.

నాకిప్పుడు ఒక టీమ్ ఉంది. పాత గులాబీ గౌనును టైలర్ దగ్గరికి తీసుకెళ్లాను. దాని జిప్ వీపు మీద ఉండేది. చివరి రెండు అంగుళాలు లాగడానికి ప్రతిసారీ ఎవరో ఒకరిని పిలవాల్సి వచ్చేది. ఇంకొకరి చెయ్యి లేకపోతే మూసుకోని బట్టతో బలం గురించి మాట్లాడటం నాకు కుదరదనిపించింది. జిప్‌ను పక్కకి మార్పించాను. రెండు వైపులా కుట్టులో అరచేయి మొత్తం దిగేంత జేబులు పెట్టించాను. కుచ్చిళ్లు ఎక్కువ ఉండటంతో జేబు బయటికి అసలు కనపడదు, బిగుతు ప్యాంటులో ఇంత చోటు దొరకదు. చేతుల మీద ఆ రంధ్రాల వరసలోనే కొత్త ఫ్రిల్స్ కుట్టించాను, ఈసారి మూడు వరసలు.

నాలుగు నెలల కిందట సంవత్సరాంతపు రివ్యూకి అది వేసుకునే వెళ్లాను. పోయిన వారం మా టీమ్‌లో కొత్తమ్మాయి తల వెనక వెడల్పాటి నల్ల బో కట్టుకుని మొదటి ప్రెజెంటేషన్ ఇచ్చింది. ముగిశాక గదిలో ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు, ఇద్దరి చూపు ఆ బో మీదికి వెళ్లింది. వాళ్లు నోరు తెరిచేలోపు నేను అడిగాను: "రెండో పట్టికలో మూడో వరస లెక్క ఎలా వచ్చింది?" ఆమె పట్టిక మళ్లీ తెరిచి, ఒక్కో అంకె చూపిస్తూ పది నిమిషాలు చెప్పింది.