పెర్ల్ హార్బర్‌లో టోమిచ్ ఉన్న ఒడ్డుకి బస్సు వెళ్ళదు

1941లో జపాన్ దాడిలో యూటా అనే ఓడతోపాటు మునిగిపోయిన అమెరికా నావికుడు పీటర్ టోమిచ్. ఆయన కోసమే హవాయిలోని పెర్ల్ హార్బర్ వెళ్తుంటే ముందే చెప్పాలి, ఆయన ఉన్న చోటికి మామూలు టూరిస్టుని రానివ్వరు. యూటా ఓడ రేవు మధ్యలోని ఫోర్డ్ ఐలండ్ అనే దీవి అవతలి ఒడ్డున, నేవీ స్థావరంలో ఉంది. మిలిటరీ కార్డున్నవాళ్ళు వెంట తీసుకెళ్తే తప్ప దారి లేదు. షటిల్ బస్సుందిగా అనుకుంటారు, అది మిస్సోరీ ఓడకీ విమానాల మ్యూజియానికీ మాత్రమే. ఈ ముక్క టూర్లు అమ్మేవాళ్ళెవరూ నోరు విప్పి చెప్పరు.

డబ్బు దగ్గరా ఇంతే. అదే దాడిలో మునిగిన అరిజోనా ఓడ మెమోరియల్‌కి టికెట్ లేదు, రిజర్వేషన్ ఫీజు మనిషికి 1 డాలర్. ఆ రిజర్వేషన్లు ప్రభుత్వ సైట్‌లో 8 వారాల ముందు వదులుతారు, ఇంకొన్ని ముందురోజు మధ్యాహ్నం 3కి, హవాయి టైం. దీనికే బస్సూ గైడూ తగిలించి పదుల డాలర్లు లాగుతారు. పార్కింగ్ 7 డాలర్లు. హ్యాండ్‌బ్యాగు, డైపర్ బ్యాగు ఏదైనా సరే, డబ్బు కట్టి బయట పెట్టాల్సిందే. పులిహోర సర్దుకొచ్చిన అత్తగారి మొహం అక్కడే మాడిపోతుంది.

అరిజోనా, మిస్సోరీ పూటలో అయిపోతాయి. బాధంతా యూటా గురించే.

టోమిచ్ 1893లో హెర్జెగోవినాలోని ప్రోలోగ్ అనే ఊళ్ళో పుట్టి, 1913లో అమెరికా వలసొచ్చాడు. 1941 నాటికి యూటాలో చీఫ్ వాటర్‌టెండర్, అంటే బాయిలర్ల నీరూ మంటా చూసే పెద్ద. డిసెంబర్ 7 ఉదయం 8 దాటగానే జపాన్ విమానాలు వదిలిన టార్పెడోలు తగిలాయి, పదీ పన్నెండు నిమిషాల్లో ఓడ తిరగబడింది. అది ప్రాక్టీసు బాంబులకి గురిగా వాడే పాత యుద్ధనౌక. దెబ్బ కాయడానికి డెక్ మీద పరిచిన మందపాటి దుంగలు, ఓడ ఒరిగేకొద్దీ జారి మనుషుల మీదికే వచ్చాయి. కింద ఇంకో గండం. మండుతున్న బాయిలర్‌ని చన్నీళ్ళు ముంచితే పేలిపోతుంది. బాయిలర్లన్నీ భద్రమై, తన మనుషులంతా బయటపడేదాకా ఆయన కదల్లేదు, అక్కడే పోయాడు. అమెరికా సైన్యంలో అత్యున్నత సాహస పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు గానీ తీసుకునే వారసులు దొరకలేదు. చివరికి 2006లో, క్రొయేషియాలోని స్ప్లిట్ దగ్గర అమెరికా నేవీ ఎంటర్‌ప్రైజ్ ఓడ మీద బంధువుల చేతికిచ్చారు.

అంతదూరం వెళ్ళి ఉత్తచేతుల్తో రాకుండా హోనొలులులోనే ఉన్న పంచ్‌బౌల్ శ్మశానవాటికకి వెళ్ళండి. ప్రవేశం ఉచితం. ఆచూకీ దొరకనివాళ్ళ పేర్లు చెక్కిన గోడల మీద ఆయన పేరుంది. రెండో ప్రపంచయుద్ధం నేవీ వరసలో, పీటర్ అని కాదు, ఇంటిపేరు టోమిచ్ అని వెతకాలి.