విశాఖ ఎం.వి.పి. కాలనీ మేడ మీద కర్ణాటక గాత్రం క్లాసు: గొంతు పెంచదు, ముందు దించుతుంది

ఈ క్లాసులో చేరిన చాలామందికి మొదటి రోజే శ్రుతి, అంటే పాటకు ఆధారమైన 'స' ఎత్తు, కిందికి దిగుతుంది. వేరేచోట ఆరు శ్రుతిలో పాడి వచ్చిన అమ్మాయిని ఐదున్నరకో ఐదుకో దించుతారు. రెండున్నర అంటూ వచ్చిన మగపిల్లాడికి ఒకటిన్నర చాలంటారు. తల్లిదండ్రుల మొహాలు కాస్త చిన్నబోతాయి, పైశ్రుతిలో పాడటమే గొప్పని మనవాళ్లలో చాలామందికి ఒక లెక్క కదా. టీచరుగారి పరీక్ష మాత్రం సూటిగా ఉంటుంది. మంద్రస్థాయి (కింది స్థాయి) పంచమం, అంటే 'ప', పాడించి చూస్తారు. అక్కడ నాదం రాక గాలే వస్తే శ్రుతి మరీ కిందికి ఉన్నట్టు. తారస్థాయి (పై స్థాయి) గాంధారం, అంటే 'గ', పాడేటప్పుడు గడ్డం లేచి మెడనరాలు తేలితే మరీ పైకి ఉన్నట్టు. రెండూ సరిపడే చోటే ఆ గొంతుకు శ్రుతి.

ఈ పట్టుదలకు కారణం ఉంది. ఐదున్నర శ్రుతి అంటే హార్మోనియం మీద జి షార్ప్. అక్కడ మధ్యస్థాయి షడ్జం ('స') పలికితే గొంతులోని స్వరతంతువులు సెకనుకు సుమారు 208 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. తారషడ్జం అయితే 415 సార్లు. అన్ని దెబ్బలూ మెత్తగా తగిలితే గొంతుకు ఏమీ కాదు. బిగబట్టి అరిస్తే మాత్రం ప్రతి దెబ్బా గట్టిదే. ఏళ్ల తరబడి అలా సాగితే తంతువుల మీద కాయలు కాసి గొంతు జీరపోతుంది. అందుకే ఈవిడ నోట ఎక్కువగా వినిపించే మాట: 'బలం వద్దమ్మా, శ్రుతి వినిపించు.'

మొదటి నెల కీర్తన ఊసే ఉండదు, గీతం కూడా లేదు. ఊపిరి పీల్చడం కంటే వదలడం నేర్పిస్తారు. భుజాలు కదపకుండా పీల్చి, పళ్ల సందునుంచి 'స్స్స్' అని సమంగా వదలాలి. మొదట 12 అంకెలు, నెలాఖరుకు 20. మొదటి నాలుగు అంకెల్లోనే గాలంతా పోయిందంటే పొట్ట ఒక్కసారిగా లోపలికి పోతోందని అర్థం. అది నెమ్మదిగా పోవాలి, చేయి పెట్టి చూసుకోమంటారు. ఆ తర్వాత పెదవులు మూసి, పళ్లు మాత్రం తగలకుండా 'మ్' అని షడ్జం పట్టిస్తారు. పెదవులమీద, ముక్కుదూలం దగ్గర చీమలు పాకినట్టు అనిపించాలి. గొంతులో అనిపిస్తే తప్పు.

క్లాసులో అన్నిటికంటే పనికొచ్చేది స్ట్రా సాధన. సగం గ్లాసు నీళ్లలో సన్న స్ట్రా కొసను రెండు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అని నాదం చేస్తూ బుడగలు తెప్పించాలి. మంద్ర పంచమం నుంచి తారషడ్జం దాకా జారుతూ వెళ్లి అలాగే దిగాలి. బుడగలు ఒకే తీరున వస్తే ఊపిరి సమంగా ఉన్నట్టు. మధ్యలో ఆగి ఒక్కసారి ఎగిస్తే అక్కడ గొంతు బిగిసిందన్నమాట. బయటికి పోయే గాలికి నీళ్లు కొంచెం అడ్డు పడటంతో లోపల ఒత్తిడి నిలుస్తుంది, తంతువులు గట్టిగా కొట్టుకోకుండా కదులుతాయి. రోజుకు మూడుసార్లు, సారికి రెండు మూడు నిమిషాలు చాలు. నీళ్ల లోతు పెంచితే అడ్డూ పెరుగుతుంది. తొందరపడి గ్లాసు అడుగుదాకా ముంచే పిల్లలకు తల తిరుగుతుంది, పెద్దవాళ్లు చూసుకోవాలి.

తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే తొలి స్వర పాఠాలు. ఇందులో ఎక్కువమంది వదిలేసే విషయమొకటి ఈవిడ పట్టుకున్నారు. సప్తస్వరాల్లో ఐదింటి చివర 'అ' ఉంది, రి, ని రెండింటికే 'ఇ'. 'ఇ' పలకాలంటే నాలుక పైకి లేవాలి, దవడ మూసుకుంటుంది. పై స్థాయికి వెళ్తున్నకొద్దీ 'ని' సన్నబడి కీచుగా వినిపించడం అందుకే. తారషడ్జం పక్కనే ఉండాల్సిన కాకలి నిషాదం (ఈ రాగంలోని 'ని') కిందికి జారడానికీ చాలాసార్లు కారణం అదే, చెవి లోపం కాదు. ఈవిడ ముందు ఆ వరసను అకారంలో పాడించి, తర్వాత 'నూ' అని, చివరికి 'ని' అని పాడిస్తారు. మూడో విడతకు నిషాదం తన చోట కూర్చుంటుంది. రిషభానిది ('రి') ఇంకో గొడవ. శుద్ధ రిషభం షడ్జానికి దగ్గర, దాని నుంచి అంతర గాంధారానికి పెద్ద ఎడం. ఆ ఎడానికి భయపడి పిల్లలు రిషభాన్నే పైకి ఎగదోస్తారు. మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, ప్రతి స్వరం నాలుగు అంకెలు నిలిపితే గానీ ఇది బయటపడదు.

కరక్కాయ, మిరియాలు, పటికబెల్లం మీద ఈవిడకు పెద్ద నమ్మకం లేదు, అదీ సబబే. మింగినది అన్నవాహికలోకి పోతుంది, తంతువులను తాకదు. ఆవిరి తాకుతుంది. నీళ్లు రోజంతా తాగాలి గాని పాడే ముందు లీటరు పోస్తే లాభం లేదు. గొంతు గురగురలాడితే ఖంగుమని సవరించుకోకుండా ఒక గుక్క మింగమంటారు. బీచ్‌రోడ్డులో మిరపకాయ బజ్జీలు తిని సాయంత్రం క్లాసుకొస్తే ఆ పూట తారస్థాయి ఉండదు.

లోపాలూ చిన్నవి కావు. తంబురా గోడకే ఆనించి ఉంటుంది, శ్రుతి ఫోనులో యాప్ నుంచి వస్తుంది. ఆ చిన్న స్పీకరు మంద్రషడ్జాన్ని దాదాపు పలికించలేదు. కింది ఆధారం వినపడని పిల్లలు పంచమాన్నే పట్టుకుని పాడతారు. ఓ మంచి బ్లూటూత్ స్పీకరుతో తీరిపోయే లోటుకు ఇన్నాళ్లా? బ్యాచ్‌కు పన్నెండు మంది కూడా ఎక్కువే. ఎవరి దవడ బిగిసిందో వెనక వరసలో కనపడదు. మూడో కాలం (వేగంగా పాడటం) మీద శ్రద్ధ తక్కువ, ఒక్కో స్వరాన్ని రెండుసార్లు పలికే జంట స్వరాల్లో రెండో స్వరానికి రావలసిన నొక్కు చాలామందికి రాదు. మైకు ముందు ఎంత దూరంలో నిలబడాలో అసలు చెప్పరు. కళాభారతి ఆడిటోరియంలో పాడించాలని ఆశపడేవాళ్లు అది వేరేచోట నేర్చుకోవాల్సిందే.

సినిమా పాట ఎప్పుడని అడిగితే ఆరు నెలల తర్వాతంటారు. కొందరికి కోపం వస్తుంది. ఘంటసాల, సుశీల ఇద్దరూ విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయం నేర్చుకున్నాకే సినిమాకు వెళ్లారని గుర్తుంటే ఆరు నెలలు పెద్ద లెక్క కాదు.

గొంతు మారే వయసు మగపిల్లలను, అంటే 12 నుంచి 15 ఏళ్లవాళ్లను, ఈవిడ వెనక్కి పంపరు. శ్రుతి దించి, ఐదారు స్వరాల మధ్యే పాడిస్తారు. ఇలా ఓపిక పట్టే చోట్లు అరుదు. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గనివాళ్లను మాత్రం ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి రమ్మంటారు, అప్పటిదాకా పాడనివ్వరు.

ఫీజు నెలకు 1,500, వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు. మానేసిన క్లాసుకు బదులు ఉండదు. ఉదయం ఆరింటి బ్యాచ్‌లో ఆరుగురే, కుదిరితే అదే అడగండి. స్ట్రా, గ్లాసు మనవే తెచ్చుకోవాలి.