క్రోమా, ఫైర్‌ఫాక్సా?

ఈ రెండు బ్రౌజర్లకీ వాడకంలో పోటీయే లేదు. 2008లో వచ్చిన క్రోమ్‌ని ఇవాళ ప్రపంచంలో నెట్ చూసేవాళ్లలో సగానికి పైగా వాడుతున్నారు. 2004 నాటి ఫైర్‌ఫాక్స్ వెనకబడిపోయింది.

మరి భద్రత? ఇక్కడ రెండు సంగతుల్ని కలిపేస్తుంటారు. దొంగ కోడ్‌ని ఆపడంలో క్రోమ్ ముందుంది: ఒక్కో సైటుని విడి ప్రాసెస్‌లో (అంటే మిగతా సైట్ల డేటా అందని వేరే గదిలో) బంధించే పద్ధతి కంప్యూటర్లలో దానికి 2018లోనే వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌కి 2021 దాకా పట్టింది. మన వెంటపడే ప్రకటనల సంగతి వేరు. ఒక సైటు కుకీ (మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న డేటా) ఇంకో సైటుకి అందకుండా ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి తనంతట తానే గోడ కడుతోంది. క్రోమ్ మూడోపక్షం కుకీల్ని, అంటే మనం చూసే సైటువి కాక ప్రకటనల కంపెనీల్లాంటి బయటివాళ్లు పెట్టేవాటిని, తీసేస్తానని చెప్పి చివరికి వెనక్కి తగ్గింది. దాన్ని తయారుచేసే గూగుల్ ప్రకటనల మీద బతికే కంపెనీ మరి!

నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కే. అప్‌డేట్లు వాయిదా వేసేవాళ్లకి మాత్రం రెండూ ఒకేలా ప్రమాదమే.