డార్బీషైర్ బావుల పండగకి రెండు రోజులు ముందే వెళ్లండి

వేసవిలో ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలని ఇక్కడ ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లో మనవాళ్లు ఎవరు అడిగినా నాది ఒకటే మాట. అందరూ వెళ్లే పాతకాలపు పెద్ద బంగళా చాట్స్‌వర్త్ హౌస్ గొప్పదే, కాదనను. కానీ ఒక్క వీకెండే చేతిలో ఉంటే డార్బీషైర్ డేల్స్ పల్లెల్లో జరిగే వెల్ డ్రెస్సింగ్‌కి వెళ్లండి. ఊళ్లోని బావుల దగ్గర, ఊటల దగ్గర చెక్క పలకల మీద పూరేకులతో చేసిన నిలువెత్తు బొమ్మలు నిలబెట్టి నీళ్లకి దండం పెట్టుకునే పండగ అది. మేలో మొదలై వేసవంతా ఒక ఊరి తర్వాత ఒక ఊళ్లో జరుగుతూనే ఉంటుంది. టికెట్ ఉండదు. బావి పక్కన డబ్బా పెడతారు, తోచినంత వేయడమే.

అన్నిటికన్నా పేరున్నది టిస్సింగ్టన్. ఈస్టర్ నుంచి 40వ రోజు, గురువారం నాడు మొదలవుతుంది. చర్చిలో ప్రార్థన అయ్యాక జనమంతా ఊరేగింపుగా ఒక్కో బావి దగ్గరికీ వెళ్తారు. 1348-49లో ప్లేగు చుట్టుపక్కల ఊళ్లని ఊడ్చేస్తే తమ ఊరు బతికింది ఈ నీళ్ల చలవ వల్లేనని వాళ్ల నమ్మకం. 1615 కరువులో కూడా ఊటలు ఎండలేదని ఇంకో మాట చెబుతారు. ఊరు అందంగా ఉంటుంది, నడక తక్కువ. మొదటి రోజు జనం మాత్రం విపరీతం, అక్కడ ఫొటో తీసుకోవడానికి కూడా లైనే.

అందుకే చెబుతున్నాను, బొమ్మ తయారయ్యేటప్పుడు వెళ్లండి. చాలా ఊళ్లలో పండగకి ముందు రెండు మూడు రోజులు ఏ కొట్టంలోనో, చర్చి హాల్లోనో పని నడుస్తుంటుంది. అడిగితే లోపలికి రమ్మంటారు. మేం వెళ్లింది యూల్‌గ్రీవ్‌కి, జూన్ నెలాఖరులో. మేకులు కొట్టిన పెద్ద చెక్క పలకలని ముందే కొన్ని రోజులు నీళ్లలో నానబెడతారు, లేకపోతే చెక్క మట్టిలోని తడిని పీల్చేస్తుంది. ఉప్పు కలిపి తొక్కిన బంకమట్టిని పలకంతా మెత్తుతారు. దాని మీద కాగితం పరిచి, గీసిన బొమ్మ గీతల వెంట సూదితో చుక్కలు పొడుస్తారు. గీతలకి ఆల్డర్ చెట్టు నల్లకాయలు, కాఫీ గింజలు. బూడిదరంగుకి రాళ్ల మీద పెరిగే లైకెన్, అంటే మనం బిర్యానీ మసాలాలో వేసుకునే రాతిపువ్వు జాతిదే. నీలానికి హైడ్రేంజియా. ఆ తర్వాత ఒక్కో రేకూ వేలితో అదమడం. కింద నుంచి పైకి, పెంకుటింటి కప్పులాగా ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెడతారు, వాన పడితే నీళ్లు జారిపోవాలి కదా.

మా అత్తయ్యది వరంగల్ పక్క ఊరు. ఏటా బతుకమ్మ పేర్చే చేతులు. ఇంగ్లీషు రాదు. ఒక పెద్దావిడ రేకులు అదుముతుంటే దగ్గరికి పోయి చాలాసేపు చూసింది. "గిదేందే, కాడలు తీసి వట్టి రేకులే పెడ్తున్నరు, వాడిపోవా?" అని నన్నడిగింది. నేను ఆ మాటే ఆవిడకి చెప్పాను. మట్టి తడిగా ఉన్నన్నాళ్లు రేకు బతుకుతుంది, వారం అంతే, అంది. అని పూల బుట్ట అత్తయ్య వైపు జరిపింది. ఆ తర్వాత వాళ్లిద్దరికీ నా అవసరం లేకపోయింది.

యూల్‌గ్రీవ్ నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. ఊరి మధ్యలో గుండ్రటి రాతి నీళ్ల తొట్టి ఒకటి ఉంటుంది. 1829లో ఊటనీళ్లని గొట్టాల్లో ఊళ్లోకి తెచ్చినప్పుడు కట్టింది. ఇక్కడ బావుల పండగ మొదలైంది ఆ నీళ్లు వచ్చిన సంతోషంలోనే. ఈ రోజుకీ ఆ ఊరి నీళ్ల కంపెనీ ఊరిదే. మంచినీళ్ల కోసం బిందెలు మోసిన ఇంట్లోంచి వచ్చినదాన్ని, నాకిది చిన్న సంగతి కాదు.

ఆగస్టు చివర్లో అయితే ఈమ్ (Eyam) అనే ఊరు. బావుల అలంకరణతో పాటు ఊళ్లో కార్నివాల్ కూడా ఉంటుంది. కానీ మామయ్య చూడాలన్నది అది కాదు. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ఈ ఊళ్లోకి ప్లేగు వచ్చిందంటారు. పక్క ఊళ్లకి పాకకూడదని, పాస్టర్ విలియం మాంపెసన్ మాట మీద ఊరంతా ఎక్కడికీ కదలకుండా ఉండిపోయింది. 260 మంది పోయారని ఊళ్లో లెక్క. స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల్లో నడిస్తే పొలిమేర రాయి వస్తుంది. రోగం అంటకుండా ఊరివాళ్లు దాని గుంటల్లో వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవాళ్లట, బయటివాళ్లు తిండి పెట్టి ఆ డబ్బులు తీసుకెళ్లేవాళ్లు. 2020లో మన ఊళ్లు పొలిమేరల్లో కంపలు అడ్డం వేసుకున్న రోజులు మామయ్యకి గుర్తొచ్చాయి. ఆ గుంటల్లో వేలు పెట్టి చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు. మ్యూజియం చిన్నదే, టికెట్ ఉంది, తప్పకుండా చూడండి.

ఇబ్బందులు లేకపోలేదు. కారు లేకపోతే కష్టం, ఆదివారాలు బస్సులు మరీ తక్కువ. పార్కింగ్ పొలంలో, వాన పడితే బురద. టాయిలెట్లు దూరం, పెద్దవాళ్లతో అదొక టెన్షన్. శాకాహారులకి దొరికేవి కేకులు, శాండ్‌విచ్‌లే, కాబట్టి పులిహోర కట్టుకెళ్లండి. వారం చివరికొస్తే రేకులు గోధుమరంగుకి తిరిగి బొమ్మ మసకబారుతుంది, ఆఖరి రోజుకి పెట్టుకోకండి. తేదీలు ఏటా మారతాయి, బయల్దేరే ముందు ఆ ఊరిది చూసుకోండి. చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి, డబ్బాలో వేసే ప్రతి పౌండూ ఊరి పనులకో, ఏదైనా సేవాసంస్థకో వెళ్తుంది.