బాస్ చైరా, జాలి కుర్చీయా, పాత చెక్క కుర్చీయా? పొద్దంతా కూర్చునే నడుముకు ఏది మేలు

మిర్యాలగూడలో రైస్ మిల్లుల లెక్కలు చూస్తాను. కోతల టైములో ధాన్యం లారీలు మిల్లు ముందు వరుస కట్టాయంటే కాంటా చీటీలు, బిల్లులు, జీఎస్టీ రిటర్నులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి ఒకసారి లేవడం, మళ్లీ దీపాలు పెట్టే వేళకే. పోయిన యాసంగిలో ఒక రోజు కింద పడిన పెన్ను కోసం వంగాను. నడుము పట్టేసింది. పక్క సీటు అన్న వచ్చి మెల్లగా నిలబెట్టే దాకా బీరువా పట్టుకుని అట్లాగే ఉండిపోయాను.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ఆయన ముందు నా కుర్చీ గురించే అడిగారు. కూర్చున్నప్పుడు పక్క నుంచి ఎవరితోనైనా ఫొటో తీయించుకుని రమ్మన్నారు. మర్నాడు ఆ ఫొటో చూసి నా పాదాల మీద వేలు పెట్టారు. మడమలు నేలకు ఆనడం లేదు. "అమ్మా, మీరు కుర్చీలో కూర్చుంటలేరు, వేలాడుతున్నరు" అన్నారు.

ఆ తర్వాత ఎనిమిది నెలల్లో నాలుగు రకాల కుర్చీల్లో రోజులకు రోజులు కూర్చుని చూశాను. ఆఫీసులో ఉన్న రెగ్జిన్ బాస్ చైర్, నల్గొండలో మా వదిన ఇంటి నుంచి పని చేసుకునే కొత్త జాలి (మెష్) కుర్చీ, మా నాయిన వాడిన కేన్ అల్లిన చెక్క కుర్చీ, చివరికి హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు కుర్చీ. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఈ సంగతి ముందే చెప్పాలి. ఆరడుగుల మనిషికి ఏది మంచిదో నాకూ అదే మంచిది అనుకోవడం దగ్గరే మనం మోసపోతున్నాం.

కుర్చీ షాపులో ఎవరైనా చేసే పని చేత్తో సీటు నొక్కి చూడటం. నేనూ అదే చేసేదాన్ని. మా ఊళ్లో షాపు తమ్ముడు కూడా "గిది తీస్కో అక్కా, మస్తు మెత్తగుంటది, డాక్టర్లు గూడ గిదే తీస్కపోతరు" అంటాడు. బాస్ చైర్ నిజంగానే మెత్తగా ఉంటుంది. మొదటి పావుగంట సుఖంగా ఉంటుంది. గంట దాటేసరికి నడుము కింది భాగం ఆ మెత్తదనంలోకి దిగిపోతుంది, వీపు గుండ్రంగా వంగిపోతుంది. నిలబడ్డప్పుడు మన నడుము దగ్గర లోపలికి ఒక వంపు ఉంటుంది కదా, అది పోయి ఎముకల మధ్య ఉండే డిస్కుల మీద బరువు ముందు వైపు ఎక్కువ పడుతుంది. నా ఆఫీసు బాస్ చైర్ సీటును టేపుతో కొలిచాను. ముందు అంచు నుంచి వెనక ఆనుకునే భాగం దాకా 20 అంగుళాలు. నా తొడ పొడుగు, అంటే గోడకు ఆనుకుని కూర్చుంటే గోడ నుంచి మోకాలి మడత దాకా, 17. వీపు ఆనించాలంటే సీటు అంచు పిక్కల్లోకి గుచ్చుకుంటుంది. పిక్కల నొప్పి తప్పించుకోవాలంటే ముందుకు జరగాలి, అప్పుడు వీపుకు ఆసరా ఉండదు. ఇన్నేళ్లూ నేను రెండోదే చేశాను, తెలియకుండానే.

ఆసరా ఎందుకంత ముఖ్యమో చెప్పే కొలతలు ఉన్నాయి. స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్ నాచెమ్సన్ 1960లలోనే డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడిని కొలిచారు. నిలబడ్డప్పటి కంటే ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువ అని తేల్చారు. 1999లో జర్మనీలో మళ్లీ కొలిస్తే మామూలుగా కూర్చోవడానికీ నిలబడటానికీ అంత తేడా లేదని వచ్చింది. ముందుకు వంగి కూర్చుంటే మాత్రం ఒత్తిడి బాగా పెరిగింది, వెనక్కి వాలితే తగ్గింది. అంటే కూర్చోవడమే పాపం కాదు. వెనక ఆసరా ఉండి, ఆ ఆసరాకు మన వీపు చేరుతోందా లేదా అన్నదే అసలు సంగతి. 20 అంగుళాల సీటు మీద నా వీపు దానికి చేరదు. ఎంత ఖరీదు పెట్టినా చేరదు.

ఇక ఎండాకాలం. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే నల్గొండ జిల్లా మనది. ఏసీ లేని గదిలో రెగ్జిన్ మీద రెండు గంటలు కూర్చుంటే జాకెట్టు వీపుకు అంటుకుపోతుంది. దాన్ని విడిపించుకోవడానికి మళ్లీ ముందుకు జరుగుతాం. బాస్ చైర్ పొద్దంతా పని చేసేవాళ్ల కోసం కాదు. వచ్చినవాళ్లతో పది నిమిషాలు మాట్లాడి లేచిపోయేవాళ్లకు పనికొస్తుంది.

జాలి కుర్చీ విషయంలో నాకు ఆశ ఎక్కువ ఉండేది. మా వదిన దాన్ని తొమ్మిది వేలు పెట్టి కొన్నది. వీపు వైపు గాలి ఆడుతుంది, అది చాలా పెద్ద మేలు. నడుముకు ఆనే ముక్కను పైకీ కిందికీ జరపొచ్చు. ఆ ముక్క ఎక్కడ ఉండాలంటే సరిగ్గా మొలతాడు కట్టే చోట, లేదా ఒక వేలు పైన. వదిన కుర్చీలో అది ఎంత కిందికి దించినా నాకు పక్కటెముకల కింద తగిలింది. వదినకేమో సరిపోయింది, ఆమె నాకంటే నాలుగు అంగుళాలు పొడుగు. ఒకే ఇంట్లో ఒకే కుర్చీ, ఒకరి నడుముకు మందు, ఇంకొకరికి పోటు.

ఈ ధరలో జాలి కుర్చీల్లో ఇంకో చిక్కు ఉంది. వీపుకు జాలి మంచిదే, సీటుకు కూడా జాలి వేస్తే జాగ్రత్తగా చూడాలి. తక్కువ ధర జాలి కొన్ని నెలలకు సాగుతుంది, మధ్యలో గుంట పడుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచు తొడల కింద తగులుతుంది. వీపుకు జాలి, సీటుకు గట్టి ఫోమ్ ఉన్నది తీసుకుంటే మన ఎండలకూ నడుముకూ రెండింటికీ కుదురుతుంది. పిడికిలితో గట్టిగా నొక్కితే అడుగు చెక్క తగలకూడదు.

చెక్క కుర్చీ గురించి కొంచెం ఎక్కువ రాయాలనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని అందరూ తీసిపారేస్తారు. మా నాయిన ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు, కేన్ సీటు కుర్చీలోనే. కేన్ అల్లికకు గాలి ఆడుతుంది, కొంచెం సాగుతుంది, అయినా గుంట పడదు. సీటు లోతు 16 అంగుళాలే, నాకు అచ్చంగా సరిపోయింది. నడుము దగ్గర ఒక తువ్వాలు చుట్టి రబ్బరు బ్యాండు వేసి పెడితే లోపలి వంపు నిలబడుతుంది. మొదటి వారం నాకు నొప్పి తగ్గింది కూడా. కానీ అది కదలదు. మనం వెనక్కి వాలితే అది వాలదు. మూడు గంటలు దాటాక పిర్రలు తిమ్మిరెక్కాయి, ఫైలు అందుకోవడానికి పక్కకు తిరిగినప్పుడల్లా నడుము మెలి పడింది. మా నాయిన ఆ రోజుల్లో గంటకోసారి రికార్డు గదిలోకో, పెద్ద సారు దగ్గరికో లేచి వెళ్లేవారు. ఇప్పుడు నాకు అన్నీ స్క్రీన్ మీదే వస్తాయి. డిస్కులకు నేరుగా రక్తం అందదు, మనం కదిలితేనే వాటికి పోషకాలు చేరతాయి. ఆయన కుర్చీ ఆయన నడకతో కలిసి పని చేసింది.

అందుకే రోజుకు రెండు మూడు గంటలే కూర్చునేవాళ్లు, చదువుకునే పిల్లలు, ఇంటి దగ్గర చిట్టీ లెక్కలు చూసుకునేవాళ్లు ఉంటే కొత్త కుర్చీ కోసం టెన్షన్ పడక్కర్లేదు. సరైన లోతున్న చెక్క కుర్చీ, తువ్వాలు, కాళ్ల కింద పీట చాలు. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు. దాని సీటు వెనక్కి వాలి ఉంటుంది, టేబుల్ ముందు పెట్టి రాయాలంటే మనమే ముందుకు వంగాలి.

నేను చివరికి స్థిరపడింది నాలుగోదాని మీద. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలు ఆఫీసులు మార్చినప్పుడు, ఖాళీ చేసినప్పుడు మంచి కుర్చీలు టోకుగా అమ్మేస్తారు. వాటిని శుభ్రం చేసి అమ్మే షాపులు ఉన్నాయి. కొత్తగా అయితే నలభై వేలకు తక్కువ ఉండని రకం నాకు ఎనిమిదిన్నర వేలకు దొరికింది, ఆర్టీసీ కార్గోలో మిర్యాలగూడకు వచ్చింది. వదిన కొత్త జాలి కుర్చీ కంటే ఐదువందలు తక్కువే. తేడా ఎక్కడంటే, దీని సీటు కింద ఒక మీట లాగితే సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. వెనక్కి జరిపితే లోతు 15 అంగుళాలకు వచ్చింది. వీపు ఆనించి కూర్చుంటే సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య నా మూడు వేళ్లు దూరాయి. అంతకాలంగా నాకు దొరకనిది ఆ మూడు వేళ్ల చోటే. వెనక్కి వాలితే వీపు భాగం ఎక్కువ, సీటు కొంచెం, రెండూ కలిసి వాలతాయి. దీన్ని సింక్రో టిల్ట్ అంటారు. వాలినా కాళ్లు నేల మీద నుంచి లేవవు. ఫోన్ మాట్లాడేటప్పుడల్లా వాలుతున్నాను.

ఒకే ధరలో కొత్త మామూలు కుర్చీయా, పాత మంచి కుర్చీయా అని అడిగితే నా జవాబు పాతదే. కాకపోతే చూసి కొనాలి. ఫొటో చూసి కొనొద్దు. పూర్తిగా పైకి లేపి ఐదు నిమిషాలు కూర్చోండి, మెల్లగా కిందికి దిగిపోతుంటే సీటును లేపే సిలిండర్ (షాపువాళ్లు హైడ్రాలిక్ అంటారు) పోయినట్టు. అది మార్చుకోదగ్గదే, ఆ మేరకు ధర తగ్గించమనండి. చేతులు ఆనించే భాగాలు పట్టుకుని ఊపి చూడండి. సీటు తిరగేసి కుట్ల సందుల్లో నల్లులు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి, నేను చూశాను. బిఫ్మా పరీక్ష పాసయింది అని చెబుతారు. అది అమెరికా ఫర్నిచర్ తయారీదారుల సంఘం పేరు. ఆ పరీక్ష కుర్చీ విరగదు, పడదు, చాలాకాలం ఉంటుంది అని చెప్పేది. మన నడుముకు సరిపోతుందని చెప్పేది మన మూడు వేళ్లే.

ఎంత మంచి కుర్చీ తెచ్చినా టేబుల్ ఎత్తు సంగతి చూడకపోతే సగం పనే. ఆఫీసు టేబుళ్లు 29, 30 అంగుళాల ఎత్తు ఉంటాయి. నా కాళ్లు నేలకు ఆనాలంటే సీటు 16 అంగుళాల దగ్గర ఉండాలి. అప్పుడు మోచేతులు 25 దగ్గరికి వస్తాయి, టేబుల్ నాలుగైదు అంగుళాలు పైన ఉండిపోతుంది, భుజాలు ఎత్తి టైపు చేయాలి. మెడ నొప్పి మొదలయ్యేది అక్కడే. అందుకని కుర్చీని పైకి లేపి మోచేతులు టేబుల్‌కు సమంగా తెచ్చుకున్నాను, కాళ్ల కింద వడ్రంగితో నాలుగున్నర అంగుళాల పీట చేయించాను. రెండు వందల రూపాయలు. ఎనిమిదిన్నర వేల కుర్చీ ఎంత మేలు చేసిందో ఆ పీట కూడా అంత చేసింది. డబ్బులు లేనివాళ్లు ముందు పీటతోనే మొదలుపెట్టండి.

ఒక మాట మన జిల్లావాళ్ల కోసం. మా అమ్మమ్మది మర్రిగూడ వైపు ఊరు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె నడుము నిలబడేది కాదు, తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి వెన్ను బిగుసుకుపోయింది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అంటారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఎన్నో ఊళ్లు అంతకు ఎన్నో రెట్లు తాగాయి. ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు వెన్ను బిగుసుకుపోవడం, కీళ్ల నొప్పులు ఉంటే అది కుర్చీతో పోయే నొప్పి కాదు, ముందు డాక్టరుకు చూపించుకోవాలి. నొప్పి పిర్ర నుంచి కాలి కిందికి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా కుర్చీ షాపుకు వెళ్లకండి. మూత్రం మీద పట్టు తప్పితే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారే దాకా ఆగొద్దు.

మా వదిన తన జాలి కుర్చీనే ఉంచుకుంటోంది, ఆమెకు అది సరిపోయింది కాబట్టి. ఆఫీసులో బాస్ చైర్‌ను వచ్చేపోయేవాళ్ల కోసం గోడ వైపు జరిపాం. పక్క సీటు అన్న 5 అడుగుల 9 అంగుళాలు, ఆయన నా కుర్చీలో కూర్చుని చూసి సీటు పూర్తిగా ముందుకు లాగించుకున్నాడు, హైడ్రాలిక్ రెండు అంగుళాలు దించాడు, పీట పక్కకు తోశాడు. ఇప్పుడు ఆయనకూ అలాంటిదే ఒకటి కావాలట. హైదరాబాద్ షాపుకు ఫోన్ చేశాను, సీటు జరిగే రకం ఇంకో రెండు ఉన్నాయన్నారు. ఆయన్నే స్వయంగా వెళ్లి కూర్చుని చూసి రమ్మన్నాను.