రోటెన్‌బుర్గ్ షోర్ ఎక్స్‌కర్షన్: ఊరికి ఐదు స్టార్లు, ట్రిప్పుకి రెండున్నర

జర్మనీలో మైన్ నది మీద క్రూజ్‌కి వెళ్ళినప్పుడు ఓడ వుర్ట్స్‌బుర్గ్‌లో ఆగిన రోజు, రోటెన్‌బుర్గ్ ఆబ్ డెర్ టౌబర్ అనే పాత ఊరికి షోర్ ఎక్స్‌కర్షన్ (ఓడ దిగి ఊరు చూసొచ్చే ట్రిప్) విడిగా కొన్నాం, మనిషికి 89 యూరోలు. నేను, మా ఆవిడ, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్న. బస్సుకి వంక పెట్టడానికేం లేదు, హాయిగా గంటలో దింపేశారు.

గోలంతా దిగాకే. ఊళ్ళో నాలుగు గంటలు అన్నారు కదా, లెక్క చూడండి: గైడుతో నడక గంటన్నర, అందరికీ కలిపి భోజనం గంటా పావు, క్రిస్మస్ బొమ్మల కొట్లో అరగంట, బస్సు దగ్గరికి ముందే రమ్మన్నది పావుగంట. మనకంటూ మిగిలింది అరగంట!

గైడు విషయం తెలిసిన మనిషే. కానీ చెవిలో పెట్టుకునే ఆ ఆడియో సెట్టు ఆవిడ సందు మలుపు తిరిగిందంటే చాలు, గరగర. వీధులన్నీ ఎత్తుపల్లాల రాళ్ళు, అమ్మ మోకాళ్ళతో మేం వెనకపడేవాళ్ళం, ప్రతి కథా సగమే చెవిన పడింది. మార్కెట్ చౌరస్తాలో గడియారం కింద మాత్రం పది నిమిషాల ముందే నిలబెట్టేశారు. 1631లో టిల్లీ అనే సేనాని ఊరిని పట్టుకుని, మూడుంపావు లీటర్ల వైన్ ఎవరైనా ఒక్క గుక్కలో తాగితే వదిలేస్తానంటే, నూష్ అనే మేయర్ తాగేసి ఊరిని కాపాడాడని కథ (మజ్జిగైనా అంత తాగలేం, అది వేరే సంగతి). గంట కొట్టగానే చెరోపక్క కిటికీ తెరుచుకుని ఇద్దరి బొమ్మలూ కనిపిస్తాయి, నూష్ చెంబు ఎత్తుతాడు, కిటికీలు మూసుకుంటాయి. "దీనికా ఇంతసేపు నిలబెట్టారు?" అన్నారు నాన్న.

అసలు చూడాల్సిన రెండూ ట్రిప్‌లోనే లేవు. మొదటిది సెయింట్ యాకోబ్ చర్చి. భోజనం మధ్యలో నేనూ మా ఆవిడా లేచి పరిగెత్తాం (శాకాహారులకి పెట్టింది ఉడికించిన బంగాళదుంపలు, ఆకులు, కాబట్టి పోయిందేం లేదు). టికెట్ తీసుకుని పడమటి వైపు మెట్లెక్కితే పైన రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి కొయ్యతో చెక్కిన బలిపీఠం ఉంటుంది, 1500 నుంచి 1505 మధ్య చెక్కింది. ఏసు చివరి భోజనం దృశ్యం, కానీ నట్టనడుమ నిలబడ్డది ఏసు కాదు, ఆయన్ని పట్టించిన శిష్యుడు యూదా, చేతిలో డబ్బు సంచితో! రంగులేం లేవు, వట్టి కొయ్య, వెనక కిటికీల్లోంచి వెలుగు పడుతుంటే గడ్డాల ఉంగరాలు, బట్టల మడతలు ఒక్కొక్కటీ విడివిడిగా తేలుతున్నాయి. ఈ శిల్పి వుర్ట్స్‌బుర్గ్‌కి మేయర్‌గా చేసి, 1525 రైతుల తిరుగుబాటు తర్వాత జైలుపాలయ్యాడు. అంటే పొద్దున మా ఓడ ఆగిన ఊరి మనిషే, ఆ సంగతి గైడు చెప్పలేదో, గరగరలో పోయిందో.

రెండోది ఊరి చుట్టూ ఉన్న కోటగోడ. పైన కప్పు ఉంది, ఎండావానా లేకుండా నడవొచ్చు, టికెట్ కూడా లేదు. 1945 మార్చి 31న బాంబులు పడి తూర్పు వైపు ఇళ్ళతో పాటు గోడ కూడా చాలా కూలిపోతే, చందాలు పోగేసి మళ్ళీ కట్టారు. ఇచ్చినవాళ్ళ పేర్లు, ఎన్ని మీటర్లకి ఇచ్చారో రాళ్ళ మీద ఉన్నాయి, అచ్చం మన గుళ్ళో ట్యూబ్‌లైట్ల మీద దాతల పేర్లలాగే. జపాన్ వాళ్ళవి బోలెడు. మిగిలిన ఆ అరగంటా నాన్న తెలుగు పేరు కోసం వెతుకుతూనే ఉన్నారు, కింద బెంచీ మీద అమ్మ బస్సు పోతుందని టెన్షన్.

కొట్లలో ష్నేబాల్ అని అమ్ముతారు. పాకం పట్టని మడత కాజాని ఉండ చుట్టి పంచదార పొడి చల్లినట్టుంటుంది, నలుగురికి ఒకటి చాలు.

ఈ ట్రిప్ మాత్రం కొనకండి. వుర్ట్స్‌బుర్గ్ నుంచి రైల్లో స్టైనాఖ్‌లో మారి మీరే వెళ్ళొచ్చు, ఓడ బయల్దేరే టైమ్ ఒక్కటి చూసుకోండి. జర్మనీలోనే ఉండేవాళ్ళైతే ఒక రాత్రి అక్కడే ఉండండి, చీకటి పడ్డాక లాంతరు పట్టుకుని కాపలావాడి వేషంలో ఊరు తిప్పి చూపిస్తారు, ఆ సమయానికి మేం ఓడలో సూప్ తాగుతున్నాం.